వీరబాబు వంతు

పాటను సైటు మీంచి దించే ముందు దీవెన దాన్ని ఒక్కసారి చివరిదాకా వింటుంది. వినమని ఎవరూ చెప్పలేదు. ఫిర్యాదు వచ్చిందా, అందులో ఉండాల్సినవన్నీ ఉన్నాయా, మీట నొక్కామా, అంతవరకే ఆమె ఉద్యోగం. కానీ గుమ్మంలోకి వచ్చిన మనిషిని మంచినీళ్ళయినా ఇవ్వకుండా పంపడానికి మనసొప్పనట్టే, వినకుండా పాటను పంపేయడానికీ ఆమెకు మనసొప్పదు.

రేవుపాట ఆఫీసు రాజమండ్రి ఇన్నీసుపేటలో, ఒక పాత మేడ మీద రెండు గదుల్లో ఉంది. మెట్ల కింద ఒకాయన కుట్టుమిషను పెట్టుకున్నాడు. పొద్దుటినుంచి దీపాలవేళ దాకా ఆ మిషను చప్పుడు గోడల్లోంచి పైకి పాకి, కుర్చీ కాళ్ళను పట్టుకుని, కూర్చున్నవాళ్ళ వెన్నులోకి ఎక్కుతుంది. కొత్తవాళ్ళకు చిరాకు. దీవెనకు అది వినపడటం మానేసి చాన్నాళ్ళయింది.

రేవుపాట ఒక వెబ్‌సైట్. సినిమా పాటలుండవు. ఊడ్పుల్లో పాడేవి, వల లాగుతూ పాడేవి, క్రిస్మస్ ముందు ఇల్లిల్లూ తిరిగి పాడేవి, ఎవరి ఫోన్లో ఉన్నది వాళ్ళు ఎక్కించుకోవచ్చు. ఎవరైనా వినవచ్చు. దాని యజమాని బుల్లిరాజు గారు. ఒకప్పుడు ఆయనకు దేవీచౌక్ దగ్గర క్యాసెట్ల షాపు ఉండేది. దీవెన అప్పుడు చిన్నపిల్ల. జనం చీటీ రాసిచ్చిన పాటలను ఖాళీ క్యాసెట్లలోకి ఎక్కించడం ఆమె పని. క్యాసెట్లు పోయాయి, సీడీలు వచ్చిపోయాయి, షాపూ పోయింది. బుల్లిరాజు గారు వెబ్‌సైట్ పెట్టి ఆమెను మళ్ళీ పిలిచారు.

"అప్పుడు ఎవర్నీ అడక్కుండా ఎక్కించిన చేతులే గదమ్మా. ఇప్పుడు అడిగినవాళ్ళకల్లా దించి పుణ్యం కట్టుకో" అన్నారు. ఆయన హాస్యమెప్పుడూ అంతే, సగం నిజం కలిపి ఉంటుంది.

ఎక్కించడం, దించడం, ఇవి ఆఫీసు మాటలు. మొదట్లో రెండో మాట దీవెన నోటికి వచ్చేది కాదు. వాళ్ళ లూథరన్ చర్చివాళ్ళు ఆ మాటను సమాధుల తోటలో, తాళ్ళు పట్టుకున్నప్పుడు అంటారు. మెల్లగా, మెల్లగా, దించండి. అందుకేనేమో ఆమె ప్రతి పాటనూ చివరిదాకా వినడం.

దించడానికి ఒక పద్ధతి ఉంది. ఫలానా పాట నాదండీ, నన్ను అడక్కుండా పెట్టారండీ అని ఎవరైనా ఫిర్యాదు చేయాలంటే సైటులోనే ఒక పత్రం ఉంటుంది. ఏ పాట, హక్కుదారు ఎవరు, ఆ హక్కు ఎలా వచ్చింది, ఏం అన్యాయం జరిగింది, ఇవన్నీ నింపి, ఇది నిజమని కింద పేరు రాయాలి. అన్నీ సరిగ్గా ఉంటే ఒకటిన్నర రోజులోగా పాట దిగిపోవాలి. పాట ఉన్నచోట కంప్యూటరే ఒక వాక్యం రాస్తుంది, హక్కుదారు ఫలానావారి ఫిర్యాదు మేరకు తొలగించాం అని. తర్వాత ఎక్కించినవాళ్ళకు కబురు పెడతారు. వాళ్ళు కాదు నాదే అంటే తగువు నడుస్తుంది. ఊరుకుంటే, వచ్చే శనివారం పాట శాశ్వతంగా చెరిగిపోతుంది.

ఈలోగా దించిన పాట ఉండే చోటును ఆఫీసులో అటక అంటారు. అక్కడ పాట ఎక్కించినది ఎక్కించినట్టుగా, అసలు రూపంలో ఉంటుంది. తగువులో ఉన్న పాటను అటక మీంచి కాపీ తీయడం రేవుపాటలో అన్నిటికన్నా పెద్ద తప్పు. ఒకసారి అలా తీసినందుకు బుల్లిరాజు గారు కోర్టు మెట్లెక్కి, మోకాళ్ళ నొప్పులతో దిగివచ్చారు.

సైటులో వినిపించేది మాత్రం అసలు రూపం కాదు. ఎక్కించిన ప్రతి పాటనూ ఒక ప్రోగ్రాం ముందు చేటలో బియ్యంలా చెరుగుతుంది. చప్పుడు లేని చోట్లు వెతికి కోసి, అటూ ఇటూ అతికిస్తుంది. దాన్ని ఈ వేసవిలోనే పెట్టి, అంతకుముందు ఎక్కినవాటినీ చెరిగించారు. పాటలుండే సర్వరుకు అద్దె కడుతున్నాం, మౌనానికి కూడా అద్దె కట్టాలా అన్నది బుల్లిరాజు గారి వాదన. ఎవరూ కాదనలేదు. మౌనం తరఫున మాట్లాడేదెవరు?

వేట నిషేధం రోజులవి. సముద్రంలోకి పడవలు వెళ్ళవు. ఊరంతా ఎండకు తెల్లగా కాలి, గోదారి మీద గాలి కదలని ఒక మధ్యాహ్నం ఆ ఫిర్యాదు వచ్చింది.

పాట: వీరబాబో. హక్కుదారు: వీరబాబు. హక్కు ఎలా వచ్చింది: నా కోసం ఏడ్చినది కాబట్టి. ఏం జరిగింది: నా వంతు కోసేశారు. కింద, ఇది నిజమని, మళ్ళీ అదే పేరు.

దీవెన రెండుసార్లు చదివి బుల్లిరాజు గారికి చూపించింది.

"వంతు కోసేశారంటే ఏంటమ్మా? డబ్బులా?"

"అలాగే ఉందండి."

"మన పాటలకి రూపాయి రాదు, వంతెక్కడిది? పాలికాపు పంటకి ముందే వాటా అడిగినట్టుంది." ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "గడులన్నీ నింపాడా?"

"నింపాడండి."

"అయితే దించెయ్. వంతుల సంగతి వాళ్ళూ వాళ్ళూ చూసుకుంటారు."

దీవెన చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. ముందు అలలు. తర్వాత ఒక ఆడగొంతు, వయసు మళ్ళినది, ఉప్పుగాలికి ఒరుసుకుపోయినది. అది పాట కాదు, శోకం. ఉయ్యాలలో ఎలా పడుకునేవాడో, మొదటి చేపను ఎలా పట్టుకొచ్చాడో, ఏ చొక్కా తొడుక్కుని పడవెక్కాడో చెబుతూ చెబుతూ, ఆ గొంతు ఒక్కసారిగా పైకి లేచి పిలిచింది. వీరబాబో!

పిలుపు ఇంకా ముగియనే లేదు, మళ్ళీ ఏడుపు అందుకుంది. దీవెన ఉలిక్కిపడింది. ఎందుకో తెలియలేదు. కాసేపటికి మళ్ళీ వీరబాబో, ఆ వెంటనే మళ్ళీ ఏడుపు. ప్రతి పిలుపు తర్వాతా అదే ఇరుకు, అదే తొందర. ఎవరో మాట్లాడబోతుంటే నోరు నొక్కినట్టుంది. చర్చి క్వయరులో చిన్నప్పటినుంచీ పాడిన మనిషి ఆమె. చరణం పాడేవాళ్ళు వంత పాడేవాళ్ళకు చోటివ్వకుండా అందుకుంటే ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు. ఇది అలాగే ఉంది. కాకపోతే ఇక్కడ వంతవాళ్ళు ఎవరూ కనపడరు.

చివరిదాకా విని, మీట నొక్కింది. పాట ఉన్నచోట కంప్యూటరు తన వాక్యం రాసింది: హక్కుదారు వీరబాబు గారి ఫిర్యాదు మేరకు ఈ పాటను తొలగించాం.

మర్నాడు పొద్దున్న ఆఫీసు తాళం తీస్తుంటే ఫోను మోగింది. మాట్లాడేది ఆ పాట ఎక్కించిన సురేష్‌బాబు. నరసాపురం దిగువన, వశిష్ఠ గోదారి సముద్రంలో కలిసేచోట ఒక చిన్న పాలెం అతనిది.

"మేడం, ఆ పాట తీసేసింది మీరేనాండి?"

"అవునండి. ఫిర్యాదు వచ్చింది. మీకు మెయిల్ పెట్టాను."

"మెయిల్ ఎవరు చూత్తారండి. ఊరంతా ఆ పేజీ చూత్తంది." అతను గొంతు తగ్గించాడు. "ఎవరండి పెట్టింది ఫిర్యాదు?"

"అక్కడ రాసి ఉంది కదండీ. వీరబాబు గారు."

అవతల కోళ్ళు అరుస్తున్నాయి, ఎవరో పిల్లవాణ్ణి కసురుతున్నారు.

"వీరబాబు మా మేనత్త కొడుకండి" అన్నాడు చివరికి. "మా బావ. మూడేళ్ళయిందండి పోయి. పడవ వచ్చింది గానీ ఆడు రాలేదు. ఒళ్ళు కూడా దొరకలేదండి. ఆ ఏడుపు ఆడి కోసం మా అత్త ఏడ్చిందే."

దీవెన చేతిలో తాళంచెవి అలాగే ఉండిపోయింది. కింద కుట్టుమిషను ఇంకా మొదలవలేదు. ఆ సంగతి ఆమెకు అప్పుడే తెలిసింది.

"మా ఊళ్ళో సగంమంది ఆడు బతికున్నాడంటన్నారు. సగంమంది సచ్చే పెట్టాడంటన్నారు. నాకు రెండూ భయమేనండి. తీసేయండి మేడం. ఆ పాట నాకొద్దు. నేనేం ఎదురు చెప్పను."

"ఆగండి, ఆగండి. మీ దగ్గర ఇంకో కాపీ ఉందా?"

"ఎక్కడుందండి. అది రికార్డు చేసిన ఫోను నీళ్ళల్లో పడిపోయింది. ఫోను ఎప్పుడు పోద్దో తెలీదు, మీ దగ్గరైతే పదిలంగా ఉంటదనేగా ఎక్కించాను."

అతను పెట్టేశాడు. దీవెన పత్రంలో రాసుకోవాల్సింది రాసుకుంది. ఎక్కించినవారు అభ్యంతరం చెప్పలేదు. అంటే శనివారం అటక ఖాళీ అయినప్పుడు ఆ ఏడుపు ఈ లోకంలో ఇంకెక్కడా ఉండదు.

చచ్చినవాళ్ళ పేరుతో అల్లరి చేసేవాళ్ళుంటారు, అది ఆమెకు కొత్త కాదు. కానీ ఒక మాట ఆమెను వదల్లేదు. నా వంతు కోసేశారు. కోయడం. రేవుపాటలో కోసేది ఒక్కటే. ఆమె కంప్యూటరు ముందు కూర్చుని, ప్రోగ్రాం ఆ పాటను ఏం చేసిందో తీసి చూసింది. అది ఎక్కడెక్కడ కోసిందో గుర్తులు పెట్టి ఉంచుతుంది. గుర్తులన్నీ ఒకే చోట ఉన్నాయి. ప్రతి పిలుపు వెనకా.

అప్పుడు ఆమెకు వంతు అంటే ఏమిటో అర్థమైంది. వాటా కాదు. వరస. ఒకరి తర్వాత ఒకరు మాట్లాడే వరస. తల్లి పిలిచి ఆగింది. ఆ ఆగినంతసేపూ ఇంకొకరిది. దాన్ని కోసింది సురేష్‌బాబు కాదు, రేవుపాట.

బుల్లిరాజు గారు వచ్చాక చెప్పింది. ఆయన సాంతం విన్నారు. ఆయనకు దెయ్యాల మీద నమ్మకం లేదు గానీ, తప్పు తమ వైపు ఉందేమో అన్న మాట మీద చాలా నమ్మకం.

"సరేనమ్మా, మన ప్రోగ్రామే కోసింది. చప్పుడు లేనిచోట కోయడం దాని పని."

"అదేనండీ నాకు తెలీనిది. అది సముద్రం ఒడ్డు. ఏడుపు వెనకాల అలలు వినపడుతూనే ఉన్నాయి. పిలుపు వెనకాలా ఉన్నాయి. మరి ఆవిడ ఆగినప్పుడు చప్పుడు లేకపోవడమేంటండి? అలలు ఎక్కడికి పోయాయి?"

బుల్లిరాజు గారు ఫ్యాను వైపు చూశారు.

"ఈ ఫోన్లున్నాయే, వెనక చప్పుళ్ళు వాటంతటవే ఆపేస్తాయమ్మా."

"ఆపితే అంతటా ఆపాలి కదండీ."

"ఆయ్, మిషనన్నాక ఒక్కోసారి..." అని, ఆ వాక్యాన్ని ఎక్కడ దించాలో తెలియనట్టు మధ్యలో వదిలేశారు. కళ్ళజోడు ముక్కు మీదికి తోసుకుని అన్నారు. "అటక జోలికి మాత్రం వెళ్ళకు. ఫిర్యాదు పెట్టినవాళ్ళు వెనక్కి తీసుకుంటే తప్ప మనం వేలు పెట్టకూడదు. కావాలంటే ఆ ఊరెళ్ళి కనుక్కో. బస్సు ఛార్జీలు నేనిస్తా."

శుక్రవారం ఆమె బయల్దేరింది. పాలకొల్లులో బస్సు చాలాసేపు ఆగింది. కొబ్బరికాయల లారీలు రోడ్డుకు అడ్డంగా ఉన్నాయి. నరసాపురంలో దిగి షేర్ ఆటో ఎక్కింది. రొయ్యల చెరువులు రెండు పక్కలా వెలుగును పలకల్లా పరిచి ఉంచాయి. ముందుకు పోయేకొద్దీ చెట్లు పొట్టివయ్యాయి, మాటలు పొట్టివయ్యాయి. చివరికి ఆటోలో ఆమె, ఒక ఐసు పెట్టె, డ్రైవరు మిగిలారు.

పాలెంలో పడవలన్నీ ఇసుక మీదికి లాగి పెట్టి ఉన్నాయి. నీళ్ళు లేని చోట పడవ ముఖం మీద ఒక అడగరాని ప్రశ్న ఉంటుంది. నీడలో కూర్చుని వల బాగుచేస్తున్న ఆడవాళ్ళు ఆమెను చూసి చేతులు ఆపారు.

"మీరేనాండి, వీరబాబుతో మాట్టాడింది?" అంది ఒకామె.

"నేను మాట్లాడలేదమ్మా. కాగితం వచ్చింది."

"కాగితమైతే మాట్టాడినట్టే గదండి" అంది ఇంకొకామె. "మా ఆయన బతికుండి కూడా ఒక కాగితం రాసిన పాపాన పోలేదు." ఎవరూ గట్టిగా నవ్వలేదు. ఇల్లు చూపించారు.

గుమ్మంలో ఉన్న అమ్మాయి వీరబాబు చెల్లెలు రాణి. భీమవరం దగ్గర రొయ్యల ఫ్యాక్టరీలో పని చేస్తుంది, రోజూ వెళ్ళొస్తుంది, ఆ రోజు సెలవు పెట్టింది. లోపల మంచం మీద వాళ్ళ అమ్మ పెద్దింట్లమ్మ. మెడకు తెల్లటి గుడ్డ చుట్టుకుని ఉంది. గొంతులో గడ్డ వచ్చి, కాకినాడలో ఆపరేషన్ చేశారట. ఆ రికార్డులో సముద్రాన్ని మించి లేచిన గొంతు ఇప్పుడు ఎండుటాకులు రాసుకున్నంత చప్పుడు చేస్తోంది.

"గొంతు పోయినా మా అమ్మకి మాటలు మాత్రం తగ్గలేదండి" అంది రాణి కుర్చీ వేస్తూ.

"నువ్వు ఆపితే నేను సెప్పుకుంటానే" అంది తల్లి గుసగుసగా.

"ఫిర్యాదు పెట్టింది మీరేనా?" దీవెన రాణిని అడిగింది.

"నేనేనండి. అన్నయ్య ఫోను ఆ రోజు ఇంట్లో వదిలేసి ఎల్లాడు. నేనే వాడుతున్నా. అందుకే ఆ మెయిల్. మీకు సెప్పుకోడానికి సైటులో ఆ పత్రం ఒక్కటే కనపడింది, హక్కుదారు ఎవరని అడిగింది అందులో. అమ్మనడిగితే ఆడే అంది. అన్నయ్య పేరు పెట్టాను గదా అని నా వంతు అని రాశాను. నా పేరు పెడితే అబద్ధమవుద్దేమోనని భయమేసిందండి. కింద ఇది నిజమని రాయాలి గదా."

దీవెనకు నవ్వు రాబోయి ఆగింది. ఆ పత్రంలో ఇన్నేళ్ళలో అంత జాగ్రత్తగా నిజం రాసినవాళ్ళను ఆమె చూడలేదు.

"ఏడ్చింది మీరు కదమ్మా. మీదే కదా హక్కు?"

పెద్దింట్లమ్మ తల అడ్డంగా ఊపింది. "మా వాడలో ఏడుపు ఎవరి కోసం ఏడిత్తే ఆళ్ళదే తల్లీ. ఒళ్ళు దొరికితే పాడెతో పాటే ఎల్లిపోద్ది, మళ్ళీ ఎవరూ ఎత్తరు. ఒళ్ళు దొరకనోడికే కేక. మోకాళ్ళ నీళ్ళల్లో నిలబడి పిలిచి ఆగాలి. అప్పుడు ఆడి వంతు."

"ఆ ఆగినప్పుడు..." దీవెన కుర్చీ ముందుకు జరుపుకుంది. "అలల చప్పుడు లేదమ్మా. ఎందుకు లేదు?"

ముసలామె ఆమె వంక జాలిగా చూసింది. "మనం పిలిచినప్పుడు అది నోరు మూసుకుంటది. లేపోతే ఆడి మాట ఎట్టా వినపడుద్ది?"

బయట ఎవరో బిందె దించిన చప్పుడైంది. రాణి తల వంచుకుని గోరు గిల్లుకుంటోంది.

"ఆడు బతికున్నాడని నేననలేదు" అంది పెద్దింట్లమ్మ. "ఊరోళ్ళు అంటన్నారు. నాకు తెల్దా? కానీ పొద్దు గూకాక ఈ పిల్ల ఫోనులో మీ సైటు తీసి అది పెట్టేది. నేను పిలిచేదాన్ని, ఆడు పలికేవోడు. ఈ మధ్య పెడితే నేనే అరుత్తన్నాను, నేనే ఏడుత్తన్నాను. ఆణ్ణి పలకనీటం లేదు. నా గొంతే నాకు గయ్యాళిదానిలా ఉంది. మళ్ళీ పిలుద్దామంటే ఇదిగో" అని మెడ మీది గుడ్డను తాకింది.

దీవెన ఉన్న సంగతి చెప్పింది. కోసింది తమ మిషనని, కోయని పాట అటక మీద ఉందని, రేపు చెరిగిపోతుందని, ఫిర్యాదు పెట్టినవారు వెనక్కి తీసుకుంటేనే అది మళ్ళీ ఎక్కుతుందని. "రాణిగారూ, మీ అన్నయ్య మెయిల్లోంచే ఒక మాట రాయండి, చాలు."

రాణి ఫోను తీసింది. తల్లి ఆ చేతిని పట్టుకుని ఆపింది.

"ఆడి పేరు పెట్టి అడిగాం. ఇప్పుడు ఆడి పేరు పెట్టి వద్దంటామా? ఆణ్ణి అడగొద్దా?"

"ఎట్టా అడుగుతామే అమ్మా, నీకు గొంతెక్కడుంది? నేను పిలిత్తే..." రాణి మాట ఆగిపోయింది. అన్న ఆఖరిసారి వేటకెళ్ళిన రోజు అతనితో పోట్లాడి, పడవ దాకా కూడా వెళ్ళలేదట. అప్పటినుంచి ఆ పేరును ఆమె గట్టిగా పలకలేదని తర్వాత ఊరివాళ్ళు చెప్పారు.

పెద్దింట్లమ్మ దీవెన వైపు తిరిగింది. "దించినదానివి నువ్వే గదా తల్లీ. దించినోళ్ళే పిలవొచ్చు. నువ్వు పాడతావా?"

"చర్చిలో పాడతానమ్మా."

"ఎక్కడైతే ఏంటి. గొంతు గొంతే."

కాదనడానికి దీవెన దగ్గర చాలా మాటలున్నాయి. పద్ధతి, ఉద్యోగం, పాస్టరుగారు ఏమంటారో. అవన్నీ పక్కన పెట్టి లేచింది.

ఎండ ఇంకా పూర్తిగా దిగలేదు. రాణి తల్లిని పట్టుకుని నడిపించింది. ఏటికి అవతల అంతర్వేది లైట్‌హౌస్ సన్నగా, ఎవరో మరిచిపోయిన సుద్దముక్కలా నిలబడి ఉంది. ఏటి నీళ్ళు, సముద్రపు నీళ్ళు కలిసేచోట రెండు రంగుల మధ్య ఒక గీత అటూ ఇటూ కదులుతోంది. వెనక, దూరంగా, పాలెం మొత్తం వచ్చి నిలబడింది.

దీవెన చెప్పులు విప్పి చీర కొంచెం ఎత్తి పట్టుకుని దిగింది. కాళ్ళ కింద ఇసుక మెల్లగా జారి, ఎవరో పాదాలను విప్పుతున్నట్టుంది. చెవుల నిండా అలలు. ఒకటి విరిగేలోగా ఇంకొకటి, ఊపిరి తీయని రోద. ఈ రోదలో ఏ ప్రోగ్రాముకూ ఒక్క ఖాళీ కూడా దొరకదు. ఏం పిలవాలో ఆమెకు తెలుసు. ఆ పిలుపు ఎక్కడ లేస్తుందో, ఎక్కడ వంగుతుందో, ఒక్కసారి విన్నదే అయినా గొంతులో కూర్చుని ఉంది.

"వీరబాబో!"

తన గొంతు తనది కానట్టు నీళ్ళ మీద సాగిపోయింది. ఆగింది.

అలలు లేవు.

కదలక కాదు. అవి వస్తూనే ఉన్నాయి. తెల్లగా లేచి, వంగి, విరిగి, ఆమె మోకాళ్ళను తాకి వెనక్కి పోతున్నాయి. చప్పుడు మాత్రం లేదు. గాజు అవతల జరుగుతున్నట్టు జరుగుతోంది సముద్రం. గాలి కొంగును లాగుతోంది, గాలికీ చప్పుడు లేదు. అంత పెద్దది అలా నోరు మూసుకుని, తల వంచి, చోటిచ్చి నిలబడింది.

ఆ చోటు ఖాళీగా లేదు. చీకటి గదిలోకి వెళ్ళినప్పుడు లోపల ఎవరో ఉన్నారని ఒళ్ళు ముందే గుర్తుపట్టినట్టు, ఆమె చెవులు గుర్తుపట్టాయి. మాటలంటే మాటలు కావు. క్వయరులో వంతకు ముందు నలుగురూ ఒక్కసారిగా గాలి పీల్చుకుంటారే, అలాంటి సవ్వడి. నీళ్ళ అవతలినుంచి. చాలా దగ్గరగా.

తర్వాత ఒక అల చప్పుడుతో విరిగింది. వెనకే అన్నీ. వెనక జనంలో ఎవరిదో బిడ్డ గుక్కపట్టి ఏడ్చింది.

ఒడ్డుకు వచ్చాక దీవెన ఇసుకలో కూర్చుండిపోయింది. పెద్దింట్లమ్మ ఆమె తల మీద చెయ్యి పెట్టింది. ఏమన్నాడని అడగలేదు.

"విన్నావు గదా" అంది.

దీవెన తల ఊపింది.

"రాయవే" అంది తల్లి కూతురితో. రాణి అక్కడే ఇసుకలో కూర్చుని, అన్న ఫోనులో, అన్న పేరు మీద రాసింది. నా వంతు నాకిస్తే ఫిర్యాదు లేదు.

శనివారం పొద్దున్న ఆ మాట ఆఫీసు కంప్యూటర్లో ఎదురుచూస్తోంది. బుల్లిరాజు గారు దాన్ని చదివి, దీవెన ముఖం చదివి, కుర్చీలో వెనక్కి వాలారు.

"నువ్వు చెప్పిన ఆ చెల్లెలు పిల్లే రాసింది కదూ?"

"వేళ్ళు ఆ అమ్మాయివండి."

"హక్కుదారు ఒప్పుకున్నట్టేనా? రేపు ఎవరైనా అడిగితే నేను చెప్పుకోవాలి."

"ఒప్పుకున్నారండి. నేనుండగానే."

ఆయన ఆ జవాబును ఫిర్యాదు పత్రం కింద రాసుకున్నారు. "ప్రోగ్రాం ఆ పాటను ముట్టుకోకుండా పెడతాలే" అన్నారు. "ఆ కాస్త అద్దె కడదాం." ఇలాంటప్పుడు ఆయనకు హాస్యం రాదు. ముందు గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరికి వేసుకున్నారు.

దీవెన పాటను అటక మీంచి తీసింది. దించే ముందు వినడం ఆమె అలవాటు. ఎక్కించే ముందు వినడం ఇదే మొదటిసారి. హెడ్‌ఫోన్లు పెట్టుకోబోయి, ఎందుకో పక్కన పెట్టేసింది. గదిలోకే వదిలింది. అలలు వచ్చాయి. ఉయ్యాల, మొదటి చేప, చొక్కా. గొంతు పైకి లేచి పిలిచింది.

వీరబాబో!

అలలు ఆగిపోయాయి.

మెట్ల కింద కుట్టుమిషను కూడా ఆగిపోయింది. ఇన్నేళ్ళుగా వినపడని ఆ చప్పుడు, లేకపోవడం వల్ల, ఇప్పుడు గది నిండా వినపడింది. ముందు గదిలో బుల్లిరాజు గారి కుర్చీ కిర్రుమంది.

"ఆయ్?" అన్నారాయన లోపలినుంచి, ఎవరో పిలిస్తే పలికినట్టు.

దీవెన ఆ వంతు పూర్తయ్యేదాకా ఆగి, మిషను మళ్ళీ కుట్టడం మొదలెట్టాక, ఎక్కించే మీట నొక్కింది.